వేడిమీద దొరికిన జబ్బు

నర్సమ్మ బండి పొద్దున బ్రహ్మాండంగా నడుస్తుంది, మిట్టమధ్యాహ్నం నడిరోడ్డులో మొండికేస్తుంది. తోసుకుంటూ మెకానిక్ షెడ్డుకు తెస్తే, షెడ్డు నడిపే మామగారు దాన్ని నీడన పెట్టిస్తారు. ఇంజను చల్లారాక గానీ చెయ్యి వెయ్యకూడదన్నది ఆయన ముప్పై ఏళ్ల నియమం. తీరా చల్లారాక ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. నిక్షేపంలా ఉందని పంపించేస్తారు. మర్నాడు మళ్లీ మామూలే! మూడుసార్లు కార్బొరేటర్ విప్పి కడిగారు. పాపం, దానికిక తలంటు ఒక్కటే మిగిలింది.

నాలుగోసారి ఆయన కోడలు ఊరుకోలేకపోయింది. రెండేళ్లుగా షెడ్డులో ఉన్నా ఆమెను ఎవరూ ఇంజను ముట్టుకోనివ్వలేదు. చల్లారాక చూస్తే వేడిలో వచ్చే జబ్బు ఎలా దొరుకుతుందని అడిగేసింది. మామగారికి కోపం నషాళానికంటింది. ఆమె ఇంకో అడుగు వేసి, బండి ఆగినచోటే చూస్తాననీ, తేల్చలేకపోతే ఇక జన్మలో పానా ముట్టననీ కూడా అనేసింది. నోరు జారాక ఇక చేసేదేముంది?

మర్నాడు కోడలు బండి మీద నర్సమ్మ వెనక ఎక్కి కూర్చుంది. మామగారు స్కూటరు మీద వెంటపడ్డారు, కోడలి ఓటమి కళ్లారా చూద్దామనే. మధ్యాహ్నం మిల్లు గోడ దగ్గర బండి రెండుసార్లు దగ్గి ఆగింది.

కోడలు ముందు ట్యాంకు మూత తీసింది. మూతలో గాలి రంధ్రం పూడి ఉంటే బుస్సుమనాలి. చప్పుడు లేదు. వంగి, ట్యాంకు నుంచి దిగే అద్దంలాంటి పైపు చూసింది. పెట్రోలు ఉండాల్సిన చోట అన్నీ బుడగలే! పైపు జానెడు ఎక్కువై, వంపు తిరిగి ఇంజనుకు ఆనుకుని ఉంది. ఆ సెగకు పెట్రోలు పైపులోనే ఆవిరై అడ్డుపడుతోంది, కార్బొరేటర్‌కు చుక్క అందడం లేదు. చల్లారితే ఆవిరీ మాయం, జబ్బూ మాయం.

పైపును పక్కకు లాగి తడిగుడ్డ చుట్టింది. ఇంజను ఇంకా చెయ్యి పెట్టనివ్వడం లేదు, పైపు మాత్రం చల్లబడి బుడగలు పోయాయి. కిక్కు కొట్టింది. బండి గుర్రుమంది! నర్సమ్మ నడిరోడ్డులో చప్పట్లు కొట్టింది.

మామగారి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. కొస పాడైతే కత్తిరించుకోవచ్చని ప్రతి బండికీ పైపు జానెడు ఎక్కువ వెయ్యడం ఆయన అలవాటు.

"ఈ పైపు వేసింది నేనేనమ్మా," అన్నారు చివరికి.

"తెలుసు మామయ్యా. ముందు మీ స్కూటరులో ఉన్న కత్తెర ఇవ్వండి."

ఇచ్చారు. ఆమె పెట్రోలు కట్టేసి, పైపు పొట్టిగా కోసి, ఇంజనుకు దూరంగా బిగించేదాకా కళ్లార్పకుండా చూశారు.

"నేనిలా వేసిన బండ్లు ఇంకా నలభై ఉంటాయి," అన్నారు. "రేపట్నుంచి ఒక్కొక్కటీ పిలిపిస్తాను. నువ్వే చూడాలి. నేను పక్కన నిలబడతాను."

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. సరే మామయ్యా అంది.