కూలర్ పక్కన కూర్చున్న జడ్జి

ముప్పై ఏళ్లుగా కరీంనగర్‌లో చీరలమ్ముతున్నాను. నా దుకాణంలో సేల్స్‌మెన్ ఇద్దరు. ఒకడు చీరను గాలిలోకి విసిరి గద్దె నిండా పరుస్తాడు. ఇంకొకడు కొంగు మడత ఒక్కటే విప్పి గిరాకి అరచేతిలో పెడతాడు. ఇద్దరూ అమ్ముతారు. ఒకడి కొలతతో రెండోవాణ్ణి కొలిస్తే నష్టం నాకే.

ఈ చిన్న లెక్క పియానో పోటీకి జడ్జిగా వచ్చిన కరుణాకర్‌కు తెలియలేదు.

గెలిస్తే హైదరాబాద్‌లో ఏడాది ఉచిత శిక్షణ; సీటు ఒక్కటే. చివరికి మిగిలింది నా బిడ్డ ప్రవళిక, అంబ్రీన్ అనే ఇంకో పిల్ల. అంబ్రీన్ ఫ్రాంజ్ లిస్ట్ సంగీతం వాయించింది. బలమంతా భుజం నుంచి దిగుతుంది, చేతులు ఈ కొస నుంచి ఆ కొసకు దూకుతాయి. పియానో చెక్క అదిరింది. ప్రవళికది షోపాన్ సంగీతం. మణికట్టు వదులుగా ఉండాలి. షోపాన్ వేళ్లన్నిటినీ ఒకే బలానికి తేవాలనలేదట; ఏ వేలి పలుకు దానిదే. రెండేళ్లుగా అన్నం పళ్లెం అంచు మీద వాయించి చూపిస్తూ నా బిడ్డే నాకిదంతా నేర్పింది.

కరుణాకర్ కాగితం చూసి చదివాడు. "ప్రవళిక చేతిల బలం లేదు. సీటు అంబ్రీన్‌ది."

నేను లేచాను. "షోపాన్‌ది గూడ లిస్ట్ తీర్గ గుద్దాల్నా సార్?"

"అట్ల కాదు లక్ష్మీరాజం గారు. వినపడాలె గద."

ఆయన వెనక బీరువా అంత కూలర్ గర్రుమంటోంది. పియానోకు దగ్గరగా ముందు వరసలో కూర్చున్న నాకు ప్రతి స్వరం వినిపించింది.

"మీకు కూలర్ వినపడ్డది. నా బిడ్డ వినపడలే."

"గీ ఎండల బంద్ చేస్తే కూసునుడెట్ల?"

"ట్యూబ్‌లైట్ కింద చీర రంగు సూపెడితే గిరాకి నమ్మదు సార్. గడప దాటి ఎండల సూస్తది. గాపాటి తెలివి మీకు లేకపాయె."

ప్రవళిక నా చొక్కా గుంజింది. "బాపూ, జర ఊకో. పోదాం."

అప్పుడు అంబ్రీనే వెళ్లి ప్లగ్గు పీకింది. "ఇద్దరిదీ మళ్ల వినుండ్రి సార్. కూలర్ పుణ్యాన గెలిచిందని రేపు నన్నంటరు."

ఇద్దరూ మళ్లీ వాయించారు. అంబ్రీన్ ఉరుము ఉరుములాగే ఉంది. ప్రవళిక చిటికెన వేలు వదిలిన ఆఖరి స్వరం చాలాసేపు హాల్లోనే నిలిచింది. కరుణాకర్ మెడ మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు. కాగితం మీద 'బలం లేదు' కొట్టేశాడు.

"ఇద్దరి పేర్లు పంపుత. ఒక్క సీటే అంటే హైదరాబాద్‌ల తేల్చుకుంటరు. పొరపాటైంది, మనసుల పెట్టుకోకుండ్రి."

"నా బిడ్డది దిద్దిండ్రు, సరే. నాలుగేండ్ల సంది మీరే జడ్జి, కూలర్ ఆడనే ఉన్నది. మెత్తగ వాయించి ఇంటికి పోయిన పిల్లల కాగితాలు ఎవరు దిద్దుతరు?"

కరుణాకర్ తన కుర్చీని పియానో దగ్గరకు జరుపుకున్నాడు. పోటీ అయిపోయాక.