బల్లగుడ్డ మీద చేపముల్లు

ప్రసన్న వెతుక్కుంటూ వచ్చిన ఫెర్న్ మొక్క వాగు పక్కన, దొర్లిపడ్డ కొండరాయి కింద నుజ్జయిపోయి ఉంది. ఆమెను ఆశ్చర్యపరిచింది మాత్రం అది కాదు. పక్కకు వాలిన కాడలన్నీ నున్నగా కోసి ఉన్నాయి.

అరకు చుట్టుపక్కల ఆమెకు కనబడిన ఆ రకం మొక్క ఇదొక్కటే. ఫెర్నులకు పువ్వుండదు, గింజుండదు. ఆకు అడుగున పండే గోధుమరంగు పొడే వాటి విత్తనం. ఆ పొడితో తన నర్సరీలో మొక్కలు పెంచాలని, అది పండేదాకా ఆగింది.

జీపు డ్రైవర్ దైవాధీనం తొంగిచూశాడు. "కొడవలి కోత. మా మగ్దలేనమ్మొదిన పనే. మొన్నాదివారం చర్చికి అలంకారం కావాలి కదా!"

"ఆకులిప్పుడు ఎక్కడుంటాయి?"

"ఈపాటికి మేకలకేసుంటాది."

జీపు చర్చి ముందు ఆగేసరికి మేకలు ఆఖరి కాడ నములుతున్నాయి. మగ్దలేనమ్మ బక్కెట్లో సబ్బుపొడి కలుపుతోంది. భుజాన తెల్లగుడ్డ.

"అమ్మా, ఆ వాగు దగ్గరి ఆకులు..."

"ఆటి పేరెత్తకే గుంటా! రెండ్రోజులు ప్రభువు బల్లమీద పరిసినాను. గుడ్డని ఏటి సేసినాయో సూడు!"

గుడ్డ విప్పింది. తెలుపు మీద గోధుమరంగు మరకలు.

"తడపకండి!" ప్రసన్న అరిచింది.

వాడుతూ వాడుతూ ప్రతి ఆకూ తను పడుకున్న చోట పొడి రాల్చింది. వేలిముద్రల్లా ఒకదానిలా ఒకటి లేదు. ఒకచోట అంచు వెంబడి సన్నని చార. ఇంకోచోట చుక్కల వరుసలు.

"సారది దువ్వెనాకు, సుక్కలది బండాకు," అంది మగ్దలేనమ్మ. "ఇంకోటుంది, దాని సుట్టుకున్న లేత కొసలు కూరొండేసినాం."

"ఈ పేర్లు మీరే పెట్టారా?"

"మరి నువ్వెట్టినావేటి?"

దైవాధీనం పగలబడి నవ్వాడు. ప్రసన్న మాత్రం గుడ్డ నడుమనే చూస్తోంది. అక్కడ ఈనెకు అటూ ఇటూ ఏటవాలు గీతలు, చేపముల్లులా. ఆకు అడుగున తను చూసిన వరుసే!

"వాగుపక్కది ఇక్కడే పెట్టారు కదూ?"

"అవును. నీకెలాగ తెలిసింది?"

ఇద్దరూ చెరో కొస పట్టుకున్నారు. దైవాధీనం కింద కాగితం పట్టాడు. నడిమి ముద్ర మీద ప్రసన్న మెల్లగా తట్టింది. చిటికెడు పొడి రాలింది.

"ఇందలోంచి మొక్కొస్తాదేటి?" అంది మగ్దలేనమ్మ.

"ముందు గోరంత పచ్చని బిళ్ల వస్తుంది. ఫెర్నులా ఉండదు. దాన్నుంచి అసలు మొక్క లేస్తుంది. లేస్తే."

మగ్దలేనమ్మ గుడ్డను, మరకలు లోపలికొచ్చేలా, జాగ్రత్తగా మడిచింది.

"మద్దేనం కూటానికి వేరే గుడ్డేత్తాలే. ఇది ఉతకను, పెట్టిలో ఉంటాది. మొలవకపోతే బేగి వచ్చీ, మళ్లీ దులుపుదాం."