ఊడ్వబడుచున్నది

"ఆ బంక ఉడికినాక ఇది సాపుగా రాసిపెట్టు. రేపు సభలో చదవాల" అని మహానందయ్య కాగితాలు పొయ్యి పక్కన పడేసి బడికి పోయాడు.

బంక గ్రంథాలయానిది. గోధుమ పిండిలో మైలుతుత్తం వేసి ఉడికిస్తే పుస్తకానికి పురుగు పట్టదు. పదేళ్లుగా ఆ బంక ఆయన భార్య నాగలక్ష్మమ్మ పొయ్యి మీదే ఉడుకుతోంది. మహానందయ్య పత్తికొండలో బడిపంతులు, ఊరి గ్రంథాలయానికి కార్యదర్శి. గ్రంథాలయం పెట్టి పదేళ్లయిందని దాని చరిత్ర రాశాడు. ఆయన రాత ఆయనకే తెలియదు. ఆమెది అచ్చు గుద్దినట్టుంటుంది. కోసిగిలో వీధిబడి నడిపిన తండ్రి దగ్గర దిద్దుకున్న రాత. గ్రంథాలయం నుంచి పోయే ప్రతి కాగితమూ ఆమె చేతిదే. కింద సంతకం ఆయనది.

చేతులు కడుక్కుని రాయడానికి కూర్చుంది. ఇదంతా ఈ ఊళ్లో జరిగిందా? 1927లో దూదేకుల బుడేన్ సాహెబ్ తన పత్తికొట్టు ఖాళీ చేసి ఇచ్చాడు. నలభై పుస్తకాలతో మొదలైంది. ఇప్పుడు మూడు బీరువాలు. మద్రాసు పత్రిక రెండో రోజుకు వస్తుంది. చదువు రానివాళ్ల కోసం సాయంత్రం ఒకరు దాన్ని పైకి చదువుతారు. చేల నుంచి వచ్చినవాళ్లు తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని వింటారు. యాభై పుస్తకాలు పెట్టెలో సర్ది ఎద్దుల బండిలో పల్లెలకు పంపుతారు. అరవై దాటి అక్షరాలు నేర్చుకున్నవాళ్లున్నారు. వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసే ఊరు ఇది. ఇంకా వాసాల సందుల్లో దూది వేలాడే ఆ కొట్టులో మాత్రం సముద్రాలున్నాయి, మంచుకొండలున్నాయి, చచ్చి వందల ఏళ్లయినా మాట్లాడుతున్న మనుషులున్నారు. ఆమెకు తెలుసు. రోజూ తలుపులు తెరవక ముందే పోయి ఊడ్చేది ఆమే. ఊడ్చి, చీపురు చంకలో పెట్టుకుని, నిలబడే నాలుగు పేజీలు చదివేది. ఒక్కో పుస్తకానికి మూడు నెలలు పట్టేది. ఆ గదిలో ఒక్కనాడూ కూర్చోలేదు. ఆడవాళ్లు రాకూడదని అక్కడ ఎవరూ రాసిపెట్టలేదు. రారు, అంతే. ఒకసారి పుస్తకం ఇంటికి తెమ్మని మొగుణ్ణి అడిగింది. "నువ్వు చదివి ఏ పరీచ్చకు పోతావే?" అన్నాడు. అత్త ఆ మాట వీధంతా చెప్పి నవ్వింది.

కుర్చీలు ఇచ్చినవారి పేర్లు రాసింది. గోడగడియారం ఇచ్చినవాడి పేరు, అతని తండ్రి పేరు రాసింది. తర్వాత వాక్యం దగ్గర కలం ఆగింది.

"పఠనమందిరము ప్రతిదినము ఊడ్వబడుచున్నది. త్రాగునీరు నింపబడుచున్నది. శిథిల గ్రంథములు అంటింపబడుచున్నవి."

ఊడ్వబడుచున్నదా? ఎవరి చేత? చీపురు తనంతట తానే లేచి ఊడుస్తోందా? కుండ తానే బావికి నడిచిపోయి వస్తోందా? పదేళ్లు వంచిన నడుము 'బడు' అనే రెండక్షరాల కింద పడి మాయమైపోయింది. ఆయన అబద్ధం రాయలేదు. తప్పు కూడా రాయలేదు. ఆమెను తీసేయడానికి ఆయనకు అబద్ధం అవసరం కాలేదు. ఈ కాగితం బీరువాలోకి పోతుంది. బీరువాలోకి పోయినవి మిగులుతాయి. ఇందులో లేకపోతే తాను ఇంకెక్కడా లేదు.

కలం ముంచి రాసింది. "పఠనమందిరమును నాగలక్ష్మమ్మ ప్రతిదినము ఊడ్చుచున్నది. త్రాగునీరు నింపుచున్నది. శిథిల గ్రంథములను అంటించుచున్నది."

అంతకు మించి ఒక్క అక్షరం కలపలేదు. తన పేరు తాను చివరిసారి రాసింది పలక మీద. కాగితం మీద అది ఎంత పొడుగుందో చూసి భయం వేసింది. మడిచి ఆయనకిచ్చింది. ఆమె రాతలో తప్పులుండవు కనుక ఆయన విప్పి చూడలేదు.

మరునాడు సభ. గది నిండింది. నాగలక్ష్మమ్మ వెనక తలుపు చాటున, నీళ్లకుండ దగ్గర నిలబడింది. మహానందయ్య గొంతు ఖంగున మోగుతోంది. ఆ చోటుకు వచ్చి ఆగాడు. మొగుడు పెళ్లాం పేరు పలకడం అక్కడ లేదు. పన్నెండేళ్ల కాపురంలో 'ఏమే' తప్ప ఆయన నోట ఆమెకు పేరు లేదు. కానీ ఆయన పంతులు. వ్యాకరణం ఆదుకుంది. "ఊడ్వబడుచున్నది, నింపబడుచున్నది, అంటింపబడుచున్నవి" అని ఒక్క ఊపిరిలో చదివేశాడు. చప్పట్లు కొట్టారు.

కాగితం మీద అధ్యక్షుడు బుడేన్ సాహెబ్ సంతకం కావాలి. ముసలాయన రెండేళ్ల కింద ఆ గదిలోనే అక్షరాలు నేర్చుకున్నాడు. ఇంకా మనసులో చదవడం రాదు. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, పైకే చదవాలి.

"కింద సంతకం పెట్టండి సాహెబూ, సాలు."

"ఉండప్పా. సదవకుండా సంతకం పెట్టొద్దని నేర్పింది నువ్వే గదా. యేలిముద్ర కాలం అయిపాయ."

"సాహెబు సదివేలోపల ఇంకో పదేండ్ల సభ వస్తాదిరా" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. సాహెబ్ వేలు ఒక్కో పంక్తీ దాటుకుంటూ ఆ చోటికి వచ్చింది.

"పఠన... మందిరమును... నా... గ... ల... ఏమప్పా, నువ్వు సదివినదాంట్లో ఈ పేరు లేదే. ఎవురీమె?"

"ఎవురో పనామె లెండి."

"పనామైతే పేరు సదవగూడదా? ఇదేం అచ్చరం? శానా ఒత్తులుండాయి. సెప్పప్పా."

ఊరందరి అక్షరాలూ దిద్దిన మహానందయ్య ఆ ఒక్క అక్షరం దగ్గర గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. గదిలో నవ్వు ఆగింది.

"క్షకు కింద మ ఒత్తు, తాతా" అని తలుపు చాటు నుంచి వినిపించింది. "లక్ష్మ. నాగలక్ష్మమ్మ."

అది తన గొంతేనని నాగలక్ష్మమ్మకు కాసేపటికి గాని తెలియలేదు. అందరూ తలుపు వైపు తిరిగారు. సాహెబ్ తిరగలేదు. వేలు మళ్లీ మొదటికి తెచ్చుకున్నాడు.

"నాగ... లక్ష్మ... మ్మ. ప్రతిదినము. ఊడ్చు... చున్నది."

అరవై ఏళ్లు వేలిముద్ర వేసిన మనిషి ఒక్కో అక్షరమే పట్టుకుని ఆమె పేరును కాగితంలో నుంచి బయటికి తెచ్చాడు. ఆమె గోడకు ఆనుకుంది. తండ్రి పోయాక ఆ పేరు పూర్తిగా పలికిన మగవాడు ఆయనే. చీపురు, నీళ్లు, బంక అన్నీ వరసగా చదివి, సాహెబ్ నిదానంగా సంతకం పెట్టి, కాగితాన్ని తన చేతులతోనే బీరువాలో పెట్టాడు.

ఇంటికి పోయాక మహానందయ్య "పరువు తీసినావు గదే" అన్నాడు. ఆమె అన్నం వడ్డించింది.

మరునాడు పొద్దున ఆయన పోయేసరికి గ్రంథాలయం తలుపు తెరిచే ఉంది. నేల మీద సభలో తొక్కిన బంతిపూలు, దుమ్ము అలాగే ఉన్నాయి. కిటికీ పక్క బల్ల ముందు, కుర్చీలో, నాగలక్ష్మమ్మ కూర్చుని ఉంది. ఆమె చదువుతున్న పుస్తకంలో ఒక ఓడ మంచులో చిక్కుకుని ఉంది.

"ఊడ్చలేదేమే?"

ఆమె తల ఎత్తలేదు.

"పనామె మానుకునింది."