కోటగోడ మీద రెండు సీట్ల సైకిలు

బస్సు దిగీ దిగగానే ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టడమే ఆ టూరు పద్ధతి. గంటల గోపురం ముందు పది నిమిషాలు నిలబెట్టి ఫోటోలు తీశారు, ఆ తర్వాత గంటన్నర టీ దుకాణంలో కూర్చోబెట్టారు. పెద్ద పగోడాని గేటు బయటినుంచే చూపించి, పచ్చరాళ్ల కొట్లో రెండు గంటలు కూర్చోబెట్టారు. బావోజీ ఊరినుంచి షియాన్ నగరం చూడ్డానికొచ్చిన ముప్ఫైమంది పెద్దవాళ్లూ రెండు రోజుల్లో నడిచిన నడక ఒక వీధి పొడవు కూడా ఉండదు.

అంతసేపు కూర్చుంటే అరికాళ్లకి వేళ్లు రాక మానవు. మొలకెత్తిన వెల్లుల్లికి వచ్చేలాంటి తెల్లటి, సన్నటి వేళ్లు. పొద్దున్నే బూట్లు తొడుక్కునే ముందు హోటల్ గదుల్లో అందరూ కత్తెర్లు పట్టుకుని వంగేవాళ్లు. మియావ్ షూజెన్‌కి ఈ పని కొత్త. ముప్ఫై రెండేళ్లు నూలుమిల్లులో మగ్గాల మధ్య నిలబడి బతికిన మనిషి. ఆమె పాదాలకి ఆనెలు తెలుసుగానీ వేళ్లు తెలీవు.

పక్క మంచం ఛియావ్ ఫెంగ్‌యింగ్‌ది. మిల్లులోనూ పక్క మగ్గమే. నాలుగేళ్లు పెద్దది. భర్త పోయాక కొడుకింట్లో సోఫా దాటింది లేదు. ఆమె వేళ్లు అప్పటికే గోధుమరంగుకి తిరిగాయి, కత్తెరకి లొంగడం లేదు.

మూడోరోజు బస్సు కోటగోడ దక్షిణ ద్వారం దగ్గర ఆగింది. షూజెన్ అందరికంటే ముందు దిగింది.

"పైకెక్కక్కర్లేదు పెద్దమ్మా, కిందనుంచి చూసినా గోడ గోడే," అన్నాడు గైడు పెయ్, పసుపు జెండా ఊపుతూ. "మీ మోకాళ్ల కోసమే చెప్తున్నా. రండి, మూలికల నీళ్లలో కాళ్లు నానబెడతారు. ఉచితం!"

"నా మోకాళ్ల బాధ నీకెందుకయ్యా?" అంది షూజెన్. కానీ ఫెంగ్‌యింగ్ అప్పటికే అందరితోపాటు రోడ్డవతలి మూలికల దుకాణంలోకి వెళ్లిపోయింది. వదల్లేక తనూ వెళ్లింది.

వరసగా కుర్చీలు, కుర్చీకో చెక్కతొట్టి. వేడినీళ్లలో కాళ్లు పెట్టగానే ఫెంగ్‌యింగ్ కళ్లు మూతలు పడ్డాయి. ఒకావిడ మైకు పట్టుకుని మందుల పొట్లాల గురించి చెబుతూనే ఉంది. అరగంట గడిచింది.

"వచ్చే సోమవారం నుంచి వృద్ధాశ్రమంలో ఉంటానే," అంది ఫెంగ్‌యింగ్ కళ్లు తెరవకుండానే. "మా అబ్బాయి షావోపెంగ్ అన్నీ మాట్లాడేశాడు. కిటికీ పక్కన కుండీ ఇస్తారట. ఏడాదికి రెండుసార్లు మట్టి మారుస్తారట."

షూజెన్ చటుక్కున ఆమె వైపు తిరిగింది. "నువ్వు ఒప్పుకున్నావా అక్కా?"

"ఏం చెయ్యను? నా వేళ్లకి వాడింట్లో టైల్స్ పగిలిపోతున్నాయి."

షూజెన్‌కి ఒళ్లు మండిపోయింది. లేవబోతే తన కాళ్లూ కదల్లేదు. తొట్టిలోకి చెయ్యి పెట్టి తడిమింది. మూలికల కింద, అడుగున బెత్తెడు మట్టి! మెత్తటి నల్లమట్టి, ఎరువు కూడా కలిపి ఉంది.

"మట్టేశారు!" అని ఆమె పెట్టిన కేకకి మైకు ఆగిపోయింది. "కాళ్లు కడుగుతామని పిలిచి నాటుతున్నారా మమ్మల్ని? కొనేదాకా లేవకుండా?"

"అరవకండి పెద్దమ్మా, బీపీ పెరుగుతుంది," అన్నాడు పెయ్.

"పెరగనీ! అదైనా కదులుతుంది!"

ఒక్క గుంజు గుంజి తన కాళ్లు లాక్కుంది. ఫెంగ్‌యింగ్ చంకల కింద చేతులేసి లాగింది. "ఇరవై నాలుగు మగ్గాలు ఒక్కదానివే చూసుకున్నావు కదక్కా! పోగు తెగితే ఆ చప్పుడుకి పరిగెత్తేదానివి! కుండీలో కూర్చుంటావా నువ్వు?" తొట్టి బోర్లాపడింది. బురదంతా పెయ్ తెల్లబూట్ల మీదికి పోయింది. ఇద్దరూ బూట్లు చేత పట్టుకుని రోడ్డు దాటారు.

గోడ మెట్లు ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పైన సైకిళ్లు అద్దెకిచ్చే అమ్మాయి, ఫెంగ్‌యింగ్ వెనక మూరెడు పొడవున ఈడుస్తున్న వేళ్లని చూసి, "చైన్లో పడకుండా చూసుకోండి," అని మాత్రం అంది.

ఇద్దరు తొక్కే సైకిలు అది. షూజెన్ ముందు, ఫెంగ్‌యింగ్ వెనక. పాత ఇటుకల మీద చక్రాలు దడదడలాడాయి.

"తొక్కుతున్నావా, ఊరికే కాళ్లు పెట్టి కూర్చున్నావా?"

"తొక్కుతున్నానే! మంటగా ఉంది!"

"మండనీ."

వేళ్లు ఇటుకలకి రాసుకుని కొంచెం కొంచెంగా అరిగిపోయాయి. తూర్పు ద్వారం దగ్గర జానెడు మిగిలాయి. ఉత్తర ద్వారం దాటాక ఫెంగ్‌యింగ్ వంగి చూసుకుంటే అరికాళ్లు ఎర్రగా, బరుగ్గా, ఖాళీగా ఉన్నాయి. నీడలో ఆగి ఇద్దరూ చెరో మాంసం రొట్టె తిన్నారు.

ఫెంగ్‌యింగ్ ఫోను మోగింది. పెయ్. "బస్సు మీకోసం ఆగదు!"

"ఆపకు నాయనా," అంది ఫెంగ్‌యింగ్. "లోపలున్నవాళ్లకి వేళ్లు దిగిపోతాయి. త్వరగా ఎక్కడైనా నడిపించు."

ఆ వెంటనే తనే కొడుక్కి ఫోన్ చేసింది. సోమవారం ఆశ్రమానికి రానని చెప్పింది. అవతల షావోపెంగ్ గొంతు షూజెన్‌కి కూడా వినబడింది. "రాకపోతే ఎక్కడుంటావు? చెప్పు, ఎక్కడుంటావు?"

"మా ఇంట్లో," అంది షూజెన్, చేతికంటిన నూనె తుడుచుకుంటూ. "ఆరో అంతస్తు. లిఫ్టు లేదు, ముందే చెప్తున్నా."

"మెట్లెన్ని?"

"తొంభై."

ఫెంగ్‌యింగ్ ఫోను ఆపేసి జేబులో పెట్టుకుంది. "ఈసారి ముందు నేను కూర్చుంటా, జరుగు," అని హ్యాండిల్ అందుకుంది.