కక్కింది ఎవరు?

అక్క టైలరు. క్యాన్సరుకు ఇంజెక్షన్లు మొదలయ్యాక కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, చెల్లెలి ఇంట్లో వెనకగదిలో మంచాన పడింది. మంచినీళ్లు కూడా కడుపులో ఇమడడం లేదు. చెల్లెలు ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని ఇంటినుంచే పనిచేస్తోంది. ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం.

ఆ మధ్యాహ్నం అక్కకు కునుకు పట్టబోతుండగా చెల్లెలి గొంతు వినబడింది. ఫోనులో ఎవరితోనో అంటోంది:

"పొద్దున్నుంచీ ఇదే గోల. ఏం పెట్టినా కక్కేస్తోంది. చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టినా కక్కింది. నా వల్ల కాదు బాబూ! పాతదైపోయింది, తీసి పారేస్తే పీడా పోతుంది."

పొద్దున బ్రెడ్డు ముక్కలు చేసి పెట్టింది ఆ చెల్లెలే. అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం చెల్లెలు జావ తెస్తే ముట్టలేదు.

"రేపు నన్ను మా ఇంట్లో దింపెయ్యి. నీకు పీడా పోతుంది."

"అదేం మాటక్కా?"

"పాతదాన్నైపోయాను కదా."

చెల్లెలు తెల్లబోయింది. సంగతి బోధపడగానే మంచం అంచున కూలబడింది.

"అయ్యో రాత! అది నీ గురించి కాదక్కా, ప్రోగ్రాం గురించి. ఇచ్చిన ఫైలు మింగుడుపడక ఆగిపోతే, కక్కింది అంటాం మేము."

"వాంతి చేసుకుందనొచ్చుగా, మర్యాదగా?"

"అలా అంటే ఆఫీసంతా నవ్వుతారు."

అక్క పెదవి కొంచెం కదిలింది. "నా మిషను దారం నమిలేస్తే నేనూ నానా మాటలూ అనేదాన్నిలే. మరి కక్కితే ఏం చేస్తారు?"

"ముందు తిడతాం. తర్వాత దానికి ఏం పడలేదో వెతుకుతాం."

అక్క మంచం పక్కనున్న వాంతుల టబ్బువైపు చూసింది.

"నాకు పడనిది తిండి ఒక్కటే కాదే. నేను స్పూను ఎత్తగానే టబ్బు పట్టుకుని ఎదురుగా నిలబడతావు చూడు, అది చూస్తేనే కడుపులో తిప్పేస్తుంది."

చెల్లెలి మొహం చిన్నబోయింది. తనేదో కంటికి రెప్పలా చూసుకుంటున్నాననుకుంది. టబ్బును మంచం కిందికి తోసి, తనకూ ఓ గిన్నెడు జావ పోసుకొచ్చి పక్కన కూర్చుంది. తమ మేనేజరు మీటింగు మధ్యలో మైకు ఆపడం మరిచిపోయి తన భార్యతో పోట్లాడిన వైనం చెప్పసాగింది. వింటూ వింటూ అక్క సగం గిన్నె తాగింది.

కాసేపటికి అందులో కొంత బయటికొచ్చింది. చెల్లెలు వీపు నిమిరింది, అంతే, కంగారు పడలేదు. అక్క మూతి తుడుచుకుని వెనక్కి వాలింది.

"ఇంతకీ మైకు ఆపలేదని ఆయనకెప్పుడు తెలిసిందే?" అని అడిగింది.