పరస్థానం పెట్టిన మరచెంబు

నేను ఒక మరచెంబును. ఇత్తడి ఒళ్ళు, మెడ దగ్గర మర, తిప్పి బిగించే మూత, పట్టుకోవడానికి కడియంలాంటి పిడి. రైళ్ళలో నీళ్ళ సీసాలు అమ్మని రోజుల్లో నేను లేకుండా ఎవరూ ఊరు దాటేవారు కాదు. చెప్పుకుంటే సిగ్గు గానీ, ప్రయాణాల కోసమే పుట్టిన నేను చాలాకాలం ఒక పిండిమరలో గూట్లో కూర్చున్నాను.

ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో సుత్తి దెబ్బలు తిని తయారయ్యాక వర్ధనమ్మ సారెలో ఈ ఊరొచ్చాను. వర్ధనమ్మ బాగా పాడుతుంది. భర్త మల్లికార్జునుడు రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. జీవితమంతా బస్తాలు తూచిన మనిషి కదా, అటూ ఇటూ తూచకుండా గొడుగు కూడా చేతపట్టడు.

ఆవిడకు ఒకటే కోరిక, తంజావూరు వైపు వెళ్ళాలని. తెలుగు మాట్లాడడం రానివాళ్ళు కూడా అక్కడి గుడి మంటపాల్లో తెలుగు కీర్తనలు పాడతారని ఎవరో చెప్పారు.

"మన పాట ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే పాడుకుంటున్నానండీ. అక్కడ అందరూ కలిసి పాడతారంట. ఒక్కసారి వాళ్ళ మధ్యలో కూర్చుని వినాలండీ" అనేది.

తొందర ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఎడమ చెవి అప్పటికే పోయింది. కుడిది కూడా నిలవదని డాక్టరు చెప్పేశాడు.

మల్లికార్జునుడు తూకం మొదలుపెట్టాడు. పెద్ద గుడి గోపురం, కోటలో తాళపత్రాలు, కంచు విగ్రహాలు, కావేరి ఒడ్డు, ఇవన్నీ చూడదగ్గవేనని తనే ఒప్పుకునేవాడు. వెంటనే తక్కెడ రెండో పళ్ళెంలో ఇంకొన్ని వేసేవాడు. ఎండ, రద్దీ, రాని భాష, కారం లేని కూరలు, కాలే రాతి గచ్చు మీద చెప్పుల్లేని నడక. "బోల్డుంది చూడ్డానికి, కాదనను. కావేరికి వరదొస్తే ఏం చేస్తాం?" అనేవాడు. వరద రాని ఏడాది "నీళ్ళులేని ఏరు చూడ్డానికి అంత దూరమా?" అనేవాడు. ఏళ్ళు గడిచినా ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

ఎలాగో ఒకసారి టిక్కెట్లు కొన్నాడు. అయితే మంచి ముహూర్తం బుధవారం, రైలు శుక్రవారం. అలాంటప్పుడు మావైపు ఒక పద్ధతి ఉంది. దారిలో వాడుకునే వస్తువొకటి ఆ ముహూర్తానికి పొరుగింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే. దాన్ని పరస్థానం అంటారు. వెళ్ళేటప్పుడు ఆ వస్తువును తీసుకుని వెళ్ళాలి, ప్రయాణం చేయకుండా ఇంటికి తిరిగి తేకూడదు. అలా నన్ను పక్కనే ఉన్న నూకరత్నం పిండిమరలో పెట్టారు.

శుక్రవారం టీవీలో వాయుగుండం అన్నారు. మల్లికార్జునుడు టిక్కెట్లు రద్దు చేసి "వచ్చే నెల చూద్దాం" అన్నాడు. ఆ వచ్చే నెల రానేలేదు. లెక్క ప్రకారం ఆ దంపతులు ప్రయాణంలోనే ఉన్నారు. నేను మాత్రం గూట్లో ఉన్నాను, ఒంటినిండా పిండి. మర తిరిగినప్పుడల్లా ఒణికేదాన్ని. ఆగితే గోడ అవతల వర్ధనమ్మ పాట వినేదాన్ని. నాకున్న తోడు అదొక్కటే. మొదట్లో మెల్లగా పాడేది. తర్వాత గొంతు పెద్దదైంది, శ్రుతి జారింది. ఒకరోజు పాట ఆగిపోయింది. అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

ఒక మధ్యాహ్నం ఆవిడ శనగలు పట్టించడానికి వచ్చి, అలవాటుగా నా మీద చెయ్యి వేసింది.

"నూకరత్నం, మర తిరుగుతోందా? చెంబు ఒణుకుతోంది" అంది.

ఆ మోత బస్టాండు దాకా వినబడుతుంది. నూకరత్నం మర ఆపేసి తిన్నగా పక్కింటికి నడిచింది.

"ఇంకా తూస్తానే ఉన్నారా బాబాయిగారూ? పిన్నిగారికి నా మర మోత కూడా వినబడట్లేదండి. మీరు తూసేలోపు సరుకే అయిపోయిందండి!"

 ఆ సాయంత్రమే మల్లికార్జునుడు తూచకుండా టిక్కెట్లు కొన్నాడు. బయల్దేరేటప్పుడు నన్ను గూట్లోంచి తీసుకున్నారు.

ఆయన భయపడ్డవన్నీ అక్కడ నిజమే అయ్యాయి. ఎండ మండింది, గచ్చు కాలింది, కూరల్లో కారం లేదు. వర్ధనమ్మ ఏదీ పట్టించుకోలేదు. గోపురం కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడింది. సాయంత్రం తంజావూరు పక్క పల్లెలో గుడి మంటపానికి వెళ్ళాం. జనమంతా తెలుగులో పాడుతున్నారు. వినగలిగిన ఆయనకు పాట తెలియదు. పాట తెలిసిన ఆవిడకు వినబడదు. పాడేవాళ్ళ పెదవులు చూస్తూ కూర్చుంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

దాహమేసి నాలోని నీళ్ళన్నీ తాగి, ఖాళీ అయిన నన్ను ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడే మృదంగం మొదలైంది. పిండిమరలో ఒణికినట్టే ఒణికాను. ఆవిడ వేళ్ళు నా చుట్టూ బిగిశాయి.

"ఆదితాళమండీ!" అని గట్టిగా అరిచింది.

ఆ వెంటనే గొంతు కలిపింది. శ్రుతి తప్పింది గానీ తాళం తప్పలేదు. పక్కనున్న తమిళ ముసలామె నవ్వి, మధ్యలోకి రమ్మని చోటిచ్చింది. మల్లికార్జునుడు కండువాలో మొహం దాచుకున్నాడు.

పరస్థానం తీరింది కాబట్టి ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను. సాయంత్రాలు ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుంటుంది. ఆయన ఎదురుగా కూర్చుని నా మీద వేళ్ళతో తాళం వేస్తాడు. తప్పు వేస్తే ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని సరిచేస్తుంది. నీళ్ళు పోస్తే మోగనని నన్ను ఖాళీగానే ఉంచుతున్నారు.