నారింజ రంగు మిషన్లు

ఆ రిపేరు షాపులో మనుషుల జబ్బులు తప్ప అన్నీ నయమవుతాయని పేరు. అందుకే దాని యజమానిని అందరూ డాక్టరనే పిలిచేవారు. ముప్పై ఏళ్ళుగా డ్రిల్లింగ్ మిషన్లు, కటింగ్ మిషన్లు విప్పి బిగిస్తున్న చేతులు అతనివి. కొత్తది కొనాలనుకున్నవాళ్ళు ముందు అతని సలహాకే వచ్చేవారు.

"ఏ కంపెనీది మంచిది డాక్టరుగారూ?" అంటే, "వాడేది ఎవరు? మేస్త్రా, ఇల్లుగలాయనా?" అని ఎదురడిగేవాడు.

"గోడకి నెలకో కన్నం పెట్టుకునేవాడికి ఆకుపచ్చ కంపెనీ చాలు. లోపల గేర్లు ప్లాస్టిక్‌వే, అయినా ఆ మాత్రం పనికి పదేళ్ళు బతుకుతుంది. పొద్దస్తమానం కోసేవాడు మాత్రం నీలం కొనాల్సిందే. ఎద్దు చేసే పని మేకతో చేయిస్తే మేకా దక్కదు, పనీ కాదు."

నారింజ రంగు కటింగ్ మిషను అతని బల్ల మీదికి మొదటిసారి తెచ్చింది చెల్లెలి మొగుడు. అతను వడ్రంగి మేస్త్రి. నాలుగంతస్తుల కొత్త బిల్డింగులో తలుపులన్నీ బిగించే పని ఒప్పుకుని, ఆ కంపెనీవి ఒకేసారి ఏడు కొన్నాడు.

"నీలం దానికి తాత ఇది, బావా! చేత్తో పట్టుకుని చూడు, ఎంత బరువుందో," అన్నాడు.

"తాతైతే నా దగ్గరికెందుకొచ్చాడు?"

"నిన్నోసారి స్విచ్చు ఆపినా ఆగలేదు. మళ్ళీ బాగానే ఉందనుకో."

డాక్టరు విప్పి చూశాడు. మోటారుకి రాగి తీగ తక్కువ చుట్టారు. ఆ లోటు తెలియకుండా పిడి లోపల ఒక ఇనపముక్క అతికించారు. బరువంతా దానిదే. అతను చాలా నాసిరకం మిషన్లు చూశాడు గానీ, కొనేవాడి చేతిని మోసం చెయ్యడానికే ఇంత శ్రద్ధగా చేసినదాన్ని చూడలేదు.

మళ్ళీ బిగించి, ఒక మొద్దు మీద అరగంట సేపు ఏకధాటిగా నడిపించాడు. మిషను చెయ్యి కాలేంత వేడెక్కింది. స్విచ్చు వెనక్కి లాగాడు. టిక్కుమని బుద్ధిగా వెనక్కొచ్చింది. బ్లేడు మాత్రం తిరుగుతూనే ఉంది. ప్లగ్గు పీకాకగానీ ఆగలేదు. వేడికి స్విచ్చు లోపలి రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. పూర్తిగా చల్లారాకే వాటంతటవే విడిపోతున్నాయి.

ఆ సాయంత్రమే బావకి ఫోన్ చేశాడు. "ఒక్కటి కూడా వాడకండి. పైకి ఆపినట్టే కనపడుతుంది, లోపల ఆగదు."

"ఆగకపోతే ప్లగ్గు పీకేస్తాం బావా. దానికింత రాద్ధాంతం ఎందుకు? వచ్చేవారం తలుపులు అప్పజెప్పాలి. తర్వాత నువ్వు ఏ రంగు చెబితే ఆ రంగే కొంటా, సరేనా?"

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. డాక్టరు తల మీద ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. ఆ రెక్కల వైపు చూస్తూ చూస్తూ అతను చటుక్కున లేచాడు. ఈ సంగతి తనకి రాత్రే ఎందుకు తట్టలేదు? కరెంటు పోతే మిషను దానంతటదే ఆగుతుంది. పనివాడు స్విచ్చు వెనక్కి లాగి, ఆగిందనుకుని పక్కన పెట్టేస్తాడు. ప్లగ్గు ఎవరు పీకుతారు? రేకులు అతుక్కుని ఉండగానే కరెంటు తిరిగొస్తే?

బావ ఫోను ఎత్తలేదు. షాపు తెరిచి ఉంచే పరుగెత్తాడు.

రెండు వీధుల అవతల, బిల్డింగు మూడో అంతస్తు హాల్లో వడ్రంగులు గోడకి చేరగిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. నారింజ మిషన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకటి చెక్క మీద, ఒకటి నేల మీద వెల్లకిలా. ఒకాయన ఇంకోదాన్ని ఒళ్ళో పెట్టుకుని బ్లేడు మారుస్తున్నాడు.

"ప్లగ్గులు పీకండి!" అని అరిచాడు డాక్టరు. "ఒళ్ళోది ముందు!"

మేస్త్రి నవ్వాడు. "కరెంటే లేదు కదా బావా. వాన లేకుండానే గొడుగు పట్టుకొచ్చావేం?"

డాక్టరు ముందుకు ఉరికాడు. ఒళ్ళో మిషను ప్లగ్గు పీకాడు. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో స్విచ్చుబోర్డు దగ్గరికీ వెళ్ళాడు. రెండు, మూడు, నాలుగు. కిటికీ దగ్గరి చివరి బోర్డు మీద చెయ్యి వెయ్యబోతుండగా కరెంటు వచ్చింది.

చెక్క మీది మిషను ఎవరూ ముట్టుకోకుండానే లేచింది. చెక్కని కొరికి, ఎగిరి నేల మీద పడి, కూర్చున్నవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయింది. గోడకి కొట్టుకుని బ్లేడు ముక్కలైంది. డాక్టరు ప్లగ్గు లాగాక కూడా మోటారు కాసేపు మూలిగింది.

ఒక వడ్రంగి కాలెత్తి చెప్పు చూసుకున్నాడు. బొటనవేలి ముందు అంగుళం మేర తెగిపోయి ఉంది. వేలు మాత్రం ఉంది.

"అన్నీ ఇవేనా?" అని అడిగాడు డాక్టరు. "ఇవి అయిదు. నా బల్ల మీద ఒకటి. ఏడోది?"

మేస్త్రి జేబులో ఫోను వెతుక్కున్నాడు. "ఇంట్లో ఉంది. బీరువా తుప్పు గీకుతానంటే మొన్న మీ చెల్లెలికి తీగల బ్రష్షు బిగించి ఇచ్చా. ఈ పూట మొదలుపెడతానంది."

ఆమెకి ఫోన్ చేశాడు. మోగింది. మళ్ళీ చేశాడు. మోగి మోగి ఆగింది. ఆ ఇంటికీ ఈ వీధికీ కరెంటు ఒకే లైను.

ఇద్దరూ పరుగెత్తుకెళ్ళేసరికి ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ముందుగదిలో బీరువా సగం మెరుస్తోంది, సగం తుప్పుతో ఉంది. చెల్లెలు దాని పక్కనే నేల మీద కూర్చుని ఉంది. పని కోసం తొడుక్కున్న మొగుడి పాత చొక్కా చెయ్యి మోచేతిదాకా తాడులా మెలిపడి, మిషను మూతికి చుట్టుకుపోయి ఉంది. ప్లగ్గు గోడలో లేదు. వైరు ఆమె పాదాల కింద ఉంది.

"కాళ్ళతో లాగాను అన్నయ్యా," అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "కరెంటు పోయిందని స్విచ్చు ఆపి, దుమ్ము తుడుద్దామని వంగాను. దానంతటదే తిరిగి చొక్కా పట్టుకుంది. చెయ్యి వదలట్లేదు. కాళ్ళతో లాగాను."

డాక్టరు కత్తెరతో గుడ్డ కోసి చెయ్యి విడిపించాడు. ముంజేయి విరిగింది, చర్మం లేచిపోయింది. ఆసుపత్రిలో కట్టు కట్టాక, రెండు వేళ్ళు ఇక ముడుచుకోవని చెప్పారు.

ఆమె మంచం మీద నుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "చూడ్డానికొచ్చిన వడ్రంగులు చెప్పుకుంటున్నారు. ఇది ఆగదని మీకు నిన్ననే తెలుసటగా?"

డాక్టరు తల దించుకున్నాడు. బావకి చెప్పాడు గానీ, ఆమెకి ఒకటి చేరి ఉంటుందేమోనని అడగలేదు.

"నువ్వు వాడేది ఒక్క పూటేగా అనుకున్నా," అన్నాడు మేస్త్రి. "ఇంటి పనే కదా అనుకున్నా."

ఆమె గోడవైపు తిరిగింది. ఆ తర్వాత చాలా రోజులు అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

బావాబావమరుదులిద్దరూ మిషన్లు అమ్మిన కొట్టుకి వెళ్ళారు. పెట్టె మీది అడ్రసులో అలాంటి కంపెనీ ఏదీ లేదని కొట్టువాడు అప్పటికే కనుక్కున్నాడు. మిగిలినవి లోపలికి తోసేశాడు.

"అమ్మినవి?" అన్నాడు డాక్టరు.

"ఓ నలభై పోయుంటాయి. మీ బావగారివి తప్ప అన్నీ ఇళ్ళకే. చూడ్డానికి బాగుందని తీసుకెళ్ళారు. వాళ్ళెవరో నాకేం తెలుస్తుందండీ?"

నారింజ మిషన్లు వాడకండి, తెచ్చివ్వండి అని కొట్టు ముందూ, డాక్టరు షాపు ముందూ పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టారు. మేస్త్రి పని మానుకుని వారం రోజులు వీధి వీధీ తిరిగి చెప్పాడు. పదకొండు వెనక్కొచ్చాయి. కొందరు నవ్వుతూ తెచ్చారు, కొందరు భయపడుతూ తెచ్చారు.

పన్నెండోది ఒక పెద్దాయన గుడ్డలో చుట్టి తెచ్చాడు. బల్ల మీద పెట్టాడు. డాక్టరు గుడ్డ విప్పాడు. గేర్ల పెట్టె సందుల్లో ఏదో ఎండి నల్లగా పట్టేసి ఉంది. తుప్పు కాదు.

"ఎవరికి తగిలిందండీ?" అని మెల్లగా అడిగాడు.

పెద్దాయన బోర్డు వైపు చూశాడు. "ఎప్పుడు పెట్టారిది?"

"సోమవారం."

"సోమవారం," అన్నాడాయన. "మావాడికి తగిలింది ఆదివారం." గుడ్డ మాత్రం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.